పదహారు ఆంపియర్ల ఆతిథ్యం

ఆ రోజు పర్ణశాల ఊళ్లో మా బాబాయ్ ఇంటి ముందు ఉన్నవి, ఉన్నవాళ్లు: బాబాయ్, పిన్ని, నేను, ఖమ్మంలో కొత్తగా కట్టించిన క్యాంపర్ ట్రైలర్ (జీపు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల గది, లోపల మంచం, ఏసీ, చిన్న ఫ్రిజ్), ఇంట్లోంచి దానికి కరెంటు తెచ్చే పొడవాటి కేబుల్, వాకిలి నిండా ఎండుమిరపకాయలు. ఇంకా రానివాళ్లు: మొదటి కిరాయికి హైదరాబాద్ నుంచి బయల్దేరిన దంపతులు.

ఆ రోజుల్లో, అంటే నా ఎలక్ట్రికల్ డిప్లొమా పట్టాకు లామినేషన్ ఇంకా మెరుస్తున్న రోజుల్లో, లోకంలో ప్రమాదాలన్నీ నా సలహా వినకపోవడం వల్లే జరుగుతాయని నా నమ్మకం. బాబాయ్ ఒకటే షరతు పెట్టాడు: "వచ్చినోళ్లు పొద్దటిదాంక ఉన్నరా, బండి నీ చేతిల పెడ్త. మధ్యల లేచిపోయిన్రా, బండి అమ్ముడే, నువ్వు ఖమ్మం కోచింగ్‌కు పోవుడే." కోచింగ్ హాస్టల్ గది గుర్తొచ్చి నాకు కాళ్లు ఒకచోట నిలవలేదు.

అందుకే అంతా పద్ధతిగా చేశాను. ఫోన్ ఛార్జర్లు పెట్టే చిన్న ప్లగ్గు వద్దని, గ్రైండర్‌ది పీకి పదహారు ఆంపియర్ల ప్లగ్గు తీసుకున్నాను. ఎర్తింగ్ చూశాను. లీకేజీ వస్తే కరెంటు ఆపేసే స్విచ్‌ను పరీక్షించాను. కేబుల్ చుట్ట మొత్తం విప్పి గోడ వెంట పరిచాను. (చుట్టగా ఉంటే అందులోని వేడి బయటికి పోదు. ఈ సంగతి పిన్నికి కూడా చెప్పాను. "అవ్ అవ్, నా గ్రైండర్ ఎప్పుడిస్తవ్?" అంది.) ఇక రోడ్డు దాకా పోవడం, రావడం, మళ్లీ పోవడం. "పిల్లి లెక్క గా తిరుగుడేందిరా, కూసో!" అని బాబాయ్ కసిరాడు.

సాయంత్రం కారు వచ్చింది. నేను సామాను మోస్తూ ఎర్తింగ్ గురించి వివరిస్తుంటే, సారు ఏసీ వేశాడు, మేడమ్ టీకి కెటిల్ పెట్టింది. కాసేపటికి అందరం తుమ్మడం మొదలుపెట్టాం.

జరిగిందేమిటంటే, నేను రోడ్డు మీదున్నప్పుడు, చుట్టాలొచ్చే వేళ వాకిట్లో నల్ల వైరు పడుంటే ఏం బాగుంటుందని పిన్ని దాన్ని ముచ్చటగా చుట్ట చుట్టి, కనబడకుండా గోనెపట్టా కప్పి, పట్టా ఖాళీగా ఎందుకని మిరపకాయలు పోసింది. చుట్ట వేడెక్కింది, గోనె కమిలింది, మిరపకాయలు ఘాటుగా పొగ కక్కాయి.

నేను అరవాల్సింది "స్విచ్ ఆపండి" అనే రెండు ముక్కలే. దగ్గు తప్ప ఏమీ రాలేదు. గాల్లో స్విచ్ నొక్కినట్టు బొటనవేలు కిందికి ఆడించి చూపించాను.

"నీళ్లడుగుతుండు," అని బాబాయ్ బిందె పట్టుకొచ్చాడు. అంతలో పొగ కనబడింది. బిందె అటు ఎత్తాడు. కరెంటున్న వైరు మీద నీళ్లు! నేనాయన చేతికి వేలాడాను. "ఇడువురా, కాలుతుంది!" అంటూ ఆయన గుంజుతున్నాడు.

ఇంత గొడవలోనూ పిన్ని తాపీగా లోపలికి పోయి నా ప్లగ్గు పీకేసింది. పొగ చూసి కాదు, గ్రైండర్ కోసం. పప్పు నానిపోయిందట.

సారు, మేడమ్ కళ్లు తుడుచుకుంటూ కారు వైపు నడిచారు. నా కోచింగ్ ఖాయమైపోయింది. అప్పుడు గ్రైండర్ మోగింది.

"అది దేనికండీ?" అంది మేడమ్.

"గారెలకమ్మా. తినిపోరాదూ!" అంది పిన్ని.

తిన్నారు. తిన్నాక కారు ఊసే ఎత్తలేదు. గోదావరి గాలికి వరండాలో నవారు మంచాల మీద పడుకున్నారు. పొద్దున బాబాయ్ ట్రైలర్ తాళం నా మీదికి విసిరాడు.

"వాళ్లు బండిల పడుకోలేదు గదా బాబాయ్?"

"బండిల పడుకోవాలె అన్ననా? ఉన్నరా లేదా?"

ఇప్పటికీ ప్రతి కిరాయికీ కేబుల్ మొత్తం విప్పి, పిన్ని ఎక్కడుందో చూసుకుని గానీ స్విచ్ వెయ్యను. బాబాయ్ చేతికి వేలాడిన ఆ డిప్లొమా కుర్రాడు గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. నాకు ఉద్యోగం తెచ్చిపెట్టిన ఆ రాత్రి ట్రైలర్ వాడుకున్న కరెంటు: సున్నా ఆంపియర్లు.