పొద్రీయా అని అడగమన్న మేడం

మేడం పోయారని మొన్న ఉదయం వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే పోయారట. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ ఉండిపోయాను.

ఆమె వనపర్తి కాలేజీలో మాకు ఇంగ్లీషు లెక్చరర్. చదువుకునే రోజుల్లో హైదరాబాదులో ఇష్టంకొద్దీ స్పానిష్ నేర్చుకున్నారు. రెండువేల దశకం మొదట్లో మా గోపాల్‌పేటలో వానల్లేక వేరుశనగ ఎండిపోయింది. డిగ్రీ అయిపోయిన నాకు ఉద్యోగం దొరకాల్సిందే. స్పానిష్ వచ్చినవాళ్లను హైదరాబాదు కంపెనీలు తీసుకుంటున్నాయని చెప్పి, మేడమే సాయంత్రాలు తమ ఇంటికి రమ్మన్నారు.

బియ్యం ఏరుతూ పాఠం చెప్పేవారు.

"ఇంగ్లీషు లెక్క కనవడ్తయ్ గని నమ్మకు బిడ్డా. రోపా అంటే తాడు గాదు, బట్టలు. సోపా సబ్బు గాదు, సూపు."

నేను ఏది అడిగినా 'క్యేరో', అంటే 'కావాలి' అనేదాన్ని. ఆమె ఆపేవారు.

"గట్ల గాదు. పొద్రీయా అను. వీలైతదా అన్నట్టు. కాదనే వీలు ఎదుటోళ్లకు ఉంచాలె."

పొదేర్ అనే క్రియకు 'ఈయా' చేర్చి నేను పొదెరీయా అంటే, "నడుమ ఆ 'ఎ'ను మింగెయ్" అని గుటక వేసి చూపించేవారు. ఇప్పటికీ పిల్లల్ని ఏదైనా అడగబోతే ఆ గుటక గుర్తొస్తుంది.

ఇంటర్వ్యూలో మొదటి రౌండు అయ్యాక, ఎదుటి ఆమె నవ్వి "ముచో ఎక్సితో" అంది. ఎక్సిట్ అనుకున్నాను. బయటికి పొమ్మంటోందని ఫైలు తీసుకుని రోడ్డు మీదికి వచ్చేశాను. ఎస్టీడీ బూత్‌లో నిలబడి మేడంకు చెప్పి ఏడ్చాను.

"ఏమన్నదో ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను.

"ఓ పిచ్చిదానా! ఎక్సితో అంటే గెలుపు. నీకు మంచిగ కావాలన్నది. ఇంకో రౌండు ఉంటది, ఉరుకు!"

ఉరికాను. అప్పటికే నా పేరు పిలిచి వదిలేశారట. తలుపు దగ్గర ఆయాసపడుతూ, "పొద్రీయా ఎంత్రార్?" అన్నాను. లోపలికి రావచ్చా అని. లేవబోతున్న ఆమె మళ్లీ కూర్చుంది.

ఉద్యోగం వచ్చిందని తెలియగానే వనపర్తి బస్సెక్కాను. మేడం మిద్దె మీద ఎండుమిరప తొడిమెలు తీస్తున్నారు. మాట వినగానే లేచారు. చేతుల కారం నాకు తగలకుండా రెండు చేతులూ దూరంగా చాపి, నుదురు నా నుదుటికి ఆనించారు. ఆ ఎండలో చాలాసేపు అట్లాగే నిలబడ్డారు.