అన్నం కింద పేపరు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను పెంచి చెబుతాను. పాము కనిపించిందని నేనంటే మా ఇంట్లో వానపాము అని అర్థం చేసుకుంటారు. జ్వరమంటే తుమ్మానని అనుకుంటారు. మా ఆవిడైతే నా మాటలన్నీ నాలుగుతో భాగించి వింటుంది. మీరూ అలాగే వినండి, నేనేమీ అనుకోను. ఈ సంగతిలో కూడా ఒకచోట కల్పించాను. ఎక్కడో చివర చెబుతాను.

ఇంకో మాట. దయ్యాల్ని నేను నమ్మను. చిన్నప్పుడు కాకినాడలో మా వీధి చివరి ఖాళీ ఇంట్లో దయ్యం ఉందంటే, పందెం కాసి వెళ్లి, ఆ గడప మీదే కూర్చుని బుట్టెడు జామకాయలు తినొచ్చాను. సరే, మూడు జామకాయలు. దుబాయ్ వెళ్లాక అసలే నమ్మలేదు. ఆరుగురు పడుకునే గదిలో దయ్యానికి చోటెక్కడిది?

2005 ప్రాంతం అది. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌన్‌కి నేను స్టోర్‌కీపర్‌ని. గోడౌన్ ఎంత పెద్దదంటే ఈ చివర తుమ్మితే ఆ చివరివాడు మర్నాడు ‘చిరంజీవ’ అనేవాడు. బస అల్ ఖూజ్‌లో, కంపెనీ క్యాంపులో. పొద్దున కంపెనీ బస్సులో వెళ్లడం, సాయంత్రం అదే బస్సులో నిద్రపోతూ రావడం.

నాకు అమెరికా ఆటల పిచ్చి ఎక్కించింది ఆ బస్సే. మా సూపర్‌వైజర్ బోయెట్ అని ఫిలిప్పీన్స్ మనిషి. ఎత్తు నా భుజం దాకా. మాట్లాడేదంతా ఏడడుగుల వాళ్ల గురించే. ఏ ఆటగాడికి ఏ మోకాలు నొప్పో, ఎవడి బూటు సైజెంతో, ఏ కోచ్‌ని ఏ జట్టు రేపు పీకేస్తుందో, అన్నీ నోటికొచ్చు. ఏడాది తిరిగేసరికి నాకూ అంటుకుంది. గదిలో మిగతా అయిదుగురూ క్రికెట్ అంటుంటే నేనొక్కణ్ణి బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ అంటూ తిరిగేవాణ్ణి.

బాస్కెట్‌బాల్ కంటే బేస్‌బాల్ నన్నెక్కువ కుదురు లేకుండా చేసేది. ఒక్కో జట్టు సీజనులో నూట అరవై రెండు ఆటలు ఆడుతుంది. దాన్ని ఆట అనకూడదు, గిన్నెలు తోమడం అనాలి. ఇవాళ అయిపోయిందనుకుంటే రేపు మళ్లీ ఉంటుంది. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి, గురువారం డ్యూటీ దిగిన దగ్గర్నుంచి నాకు కాలు నిలిచేది కాదు. భుజం ఆపరేషనయిన ఆ బౌలరు మళ్లీ బంతి విసురుతాడా? నీలం టోపీల జట్టు ఈసారైనా పైకి లేస్తుందా? వాళ్లకి నేనెవరో తెలియదు, నాకు మాత్రం వాళ్ల భుజాల నొప్పి.

మల్లేష్‌కి ఆ ఆట గురించి నేను గంటన్నర క్లాసు చెబితే, అంతా విని ఒక్క ముక్కలో తేల్చేశాడు. “గిది మా చిర్రగోనెనే గదా అన్నా. చిర్ర బదులు బంతి వెట్టిండ్రు.” చిర్రగోనె అంటే మా వైపు బిళ్లంగోడు.

మల్లేష్‌ది జగిత్యాల వైపు పల్లెటూరు. మా గోడౌన్‌లో పెట్టెలు మోసేవాడు, గదిలో నా కింద మంచం. ఎనిమిది నెలల పిల్లని వదిలి వచ్చాడు. ఆ పిల్లకి అయిదేళ్లు నిండబోతున్నాయి. పేరు శ్రావణి. ఆ పిల్ల లెక్కలో నాన్న అంటే మనిషి కాదు, ఫోను. పక్కింట్లో ఫోను మోగినా ‘నాయిన అరుస్తుండు’ అని పరిగెత్తేదట.

జూన్‌లో మన వైపు బళ్లు తెరుస్తారు. మల్లేష్‌కి ఆ జూన్ కావాలి.

“నా చెయ్యి వట్టుకొని బడికి తోల్కపోయెటోడు లేక నేను బర్రెలెంబడి వోయిన అన్నా. నా బిడ్డ చెయ్యి నేనే వట్టుకొని తోల్కపోవాలె. ఒక్క దినం. అంతే.”

చిక్కేమిటంటే, మా స్టోర్ నుంచి జూన్‌లో ఒక్కరికే సెలవు. అడిగింది ఇద్దరు. మల్లేష్ ఒకడు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అర్నెల్ ఇంకొకడు. అర్నెల్ తమ్ముడి పెళ్లి. ఎవరిని ఆపినా పాపమే. బోయెట్ వారం రోజులు రెండు కాగితాలూ జేబులో పెట్టుకు తిరిగి, చివరికి గురువారం సాయంత్రం బస్సు దగ్గర తీర్పు చెప్పాడు: సెలవు ఎవరికో ఒక ఆట తేలుస్తుంది.

అది బాస్కెట్‌బాల్లో ఫైనల్‌కి ముందు మెట్టు. రెండు జట్లు చెరి మూడు ఆటలు గెలిచి ఉన్నాయి. ఏడో ఆట అమెరికాలో శుక్రవారం రాత్రి, అంటే మాకు శనివారం తెల్లవారుజామున. జట్ల పేర్లు రాస్తే మీకూ నాకూ నోరు తిరగదు కాబట్టి చొక్కాల రంగుతో సరిపెడతాను. ఎర్రవాళ్లు, తెల్లవాళ్లు. మల్లేష్ సీనియరు గనక ముందు అతను ఒక రంగు కోరుకోవాలి, మిగిలింది అర్నెల్‌ది. గెలిచినవాడికి జూన్, రెండోవాడికి సెప్టెంబరు.

“రేపు పొద్దుగూకేలోపు ఫోన్ చెయ్యి, మై ఫ్రెండ్. తర్వాత ఖలాస్,” అన్నాడు నాతో. మల్లేష్ తరఫున మాట్లాడేది నేనేనని అందరికీ తెలుసు. వారం రోజులుగా ఆ బస్సులో ఎర్రవాళ్లే గెలుస్తారని, గెలవకపోతే మీసం తీసేస్తానని అరిచింది కూడా నేనే.

ఇక శుక్రవారం. ఆ రోజు ఎండ ఎలా ఉందంటే క్యాంపు గోడ మీద బల్లి చెప్పులడిగింది.

బ్యాచిలర్ గదుల్లో భోజనం ఎలాగో తెలిసినవాళ్లకి తెలుసు. బల్లలుండవు. నేల మీద పాత పేపర్లు పరిచి, మధ్యలో అన్నం గిన్నె, కూర గిన్నె పెట్టి, చుట్టూ కూర్చుంటాం. తిన్నాక ఎముకలతో సహా పేపరు చుట్టి డ్రమ్ములో పడేస్తాం. ఆ పేపర్లు తెచ్చేది నేనే. ఆఫీసులో వారం పాటు పోగైన కట్టని గురువారం చంకలో పెట్టుకొస్తాను. ఆటల పేజీలు ఏరి పక్కన పెట్టుకోవాలని నా ప్రయత్నం. వాటి మీదే కూర గిన్నె దించాలని మా వంటవాడు ఏసుబాబు పంతం.

ఏసుబాబుది భీమవరం. ఆ రోజు కోడికూర. నేను ముద్ద కలుపుతూ ఎదురుగా పరిచిన పేజీ చదువుతున్నాను. పేజీ నాకు తలకిందులుగా ఉంది. అది అడ్డంకి కాదు, స్టోర్‌కీపర్లు పెట్టెల మీద రాతలు ఎటునుంచైనా చదవగలరు. పెద్ద అక్షరాలు: ఏడో ఆటలో తెల్లవాళ్ల గెలుపు, ఒక్క పాయింటు తేడాతో. కింద మూలన చిన్న వార్త: నీలం టోపీల బేస్‌బాల్ ఆట వానవల్ల ఆగిపోయిందని.

“అయ్యో, తెల్లవాళ్లు గెలిచేశారే!” అని పైకే అన్నాను.

అన్నాక ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. ఏడో ఆట ఇంకా జరగలేదు. అమెరికాలో ఆ ఆటగాళ్లు ఇంకా నిద్ర కూడా లేచి ఉండరు.

తేదీ చూద్దామని అన్నం గిన్నె ఎత్తబోయాను. ఏసుబాబు నా చేతి మీద ఒక్కటేశాడు.

“తిననివ్వండి బాబూ! మొన్నేమో జుమేరా బీచిలో తిమింగలం మీకు దణ్ణం పెట్టిందన్నారు. ఇవాళ పేపరు జోస్యం చెబుతోందా?”

గది గదంతా నవ్వింది. మల్లేష్ ఒక్కడే నవ్వలేదు. పేజీ అతని వైపు తిన్నగా ఉంది. ఇంగ్లీషు అక్షరం రాదు గాని బొమ్మ చూస్తున్నాడు.

“గాయన గట్లెందుకు పండిండన్నా? పొట్ట మీద బంతి వెట్టుకొని... పాణం బాగలేదా?”

నేనూ చూశాను. తెల్ల చొక్కా మనిషి, నేల మీద వెల్లకిలా, పొట్ట మీద బంతి, కళ్లు రెండూ మూసుకుని. ఆ తర్వాత ఏం తిన్నానో నాకు తెలియదు.

భోజనాలయ్యాయి. ఏసుబాబు పేపర్లు చుట్టి పట్టుకెళ్లాడు. నేను మంచమెక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను. పావుగంట ఆగలేక డ్రమ్ము దగ్గరికి పరిగెత్తాను. ఏసుబాబు చుట్టిన చుట్ట పైనే ఉంది, వేడి కూడా తగ్గలేదు. విప్పాను. రెండు పేజీలు, మేం పరిచినవి రెండే. ఎముకలు మావే, కూర మాదే. వార్తలు మాత్రం గత వారానివి. ఏడో ఆట లేదు, వాన లేదు, పడుకున్న మనిషి లేడు. ఆ మనిషి ఉండాల్సిన చోట కార్పెట్ల దుకాణం ప్రకటన ఉంది.

నిరుటి పేపరు ఏదో చూసి పొరబడ్డానేమోనని మీరనవచ్చు. తర్వాత బోయెట్‌ని అడిగాను. నిరుడు ఆ రెండు జట్లూ ఆ మెట్టులో తలపడనే లేదు. ఎండ దెబ్బేమో అనవచ్చు. మరి మల్లేష్‌కి కూడా అదే బొమ్మ చూపించే ఎండ దెబ్బ ఉంటుందా?

పొద్దు వాలేదాకా క్యాంపు వరండాలో అటూ ఇటూ తిరిగాను. నేను తిరిగిన దూరానికి నడిచి కాకినాడ చేరేవాణ్ణి. మల్లేష్ మెట్ల మీద కూర్చుని నా కాళ్లనే చూస్తున్నాడు.

“ఏం జేద్దామన్నా? నువ్వే జెప్పు. కాగితంల తెల్లోళ్లంటివి.”

“అవును, తెల్లవాళ్లే,” అన్నాను. మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు పిలుపు మొదలవుతుండగా బోయెట్‌కి ఫోన్ చేసి, మల్లేష్ తెల్లవాళ్లని కోరుకున్నాడని చెప్పాను.

శనివారం పొద్దున బోయెట్ ఆట చూసి ఎర్రబడ్డ కళ్లతో బస్సెక్కాడు. తెల్లవాళ్లు గెలిచారు. ఒక్క పాయింటు. ఆఖరి క్షణంలో విసిరిన బంతి బుట్ట అంచు చుట్టూ మూడుసార్లు తిరిగి పడిందట. నీలం టోపీల సంగతి కూడా అడిగాను. “వాన, మై ఫ్రెండ్. ఆట ఆగిపోయింది,” అన్నాడు.

మల్లేష్ కాగితం మీద సంతకం పడింది. జూన్‌లో వెళ్లాడు. బడి తెరిచిన రోజు శ్రావణి చెయ్యి పట్టుకుని వెళ్తుంటే ఊరు ఊరంతా గుమ్మాల్లోకొచ్చి చూసిందట. పిల్ల కొత్త పలక ఒక చేత్తో, నాన్న చూపుడువేలు ఒక చేత్తో పట్టుకుని, బడి వచ్చినా ఆ వేలు వదల్లేదట.

అంతకు ముందు, ఆ ఆదివారమే, ఆఫీసుకి తాజా పేపరు వచ్చింది. ఆటల పేజీలో తెల్ల చొక్కా మనిషి, వెల్లకిలా, పొట్ట మీద బంతి, మూసుకున్న కళ్లు. మల్లేష్‌ని పిలిచి చూపించాను. అతను నవ్వుతూ అన్నాడు: “గీయనే అన్నా. మొన్న మన బువ్వ కింద పండినాయన.”

ఇక మాటిచ్చినట్టు చెప్పేస్తాను.

పేపరు నేను కల్పించలేదు. డ్రమ్ములో చుట్ట కల్పించలేదు, వాన కల్పించలేదు. ఇప్పటికీ ఎవరైనా పేపరు పరిచి భోజనం పెడితే, ముందు నాలుగు మూలలా తేదీ వెతుక్కుని గాని ముద్ద కలపలేను. మా ఆవిడ ఈ ఒక్కదాన్ని మాత్రం నాలుగుతో భాగించదు.

కల్పించింది ఆ సాయంత్రం నేను చెప్పిన రంగు.

మల్లేష్ “కాగితంల తెల్లోళ్లంటివి” అన్నది నిజం. నేనన్నది వేరు. “పేపరు లేదు, గీపరు లేదు. డ్రమ్ములో చూసొచ్చాగా, అది పాత కాగితం. ఇలాంటివి నేను నమ్మను. ఆట తెలిసినవాణ్ణి చెబుతున్నాను, ఎర్రవాళ్లే,” అన్నాను. అతను, “నువ్వు సదువుకున్నోనివి అన్నా, నీకెర్కనే గద,” అన్నాడు. ఫోన్‌లో ఎర్రవాళ్లనే చెప్పాను.

సంతకం పడింది అర్నెల్ కాగితం మీద. మల్లేష్ సెప్టెంబరులో వెళ్లాడు. శ్రావణిని బడికి తీసుకెళ్లింది వాళ్ల మేనమామ. చూపుడువేలు, కొత్త పలక, గుమ్మాల్లో ఊరు, అన్నీ నేను పెట్టినవే.

ఆదివారం ఫోటో చూసి మల్లేష్ అన్న మాట మాత్రం అక్షరం మార్చకుండా రాశాను. నవ్వుతూ అన్నాడన్నది నేను కలిపాను.