పో అన్నాను, రా అనలేదు

కుక్కర్ మూత తీయగానే ఉప్పునీళ్ళలో ఉడికిన పచ్చి శెనక్కాయల వాసన వంటిల్లంతా కమ్ముకుంది. ఆ వాసన తగిలితే చాలు, పిలార్ అక్క గుర్తొస్తుంది. విడపనకల్లు దగ్గర ఒక పల్లెలో చిన్న ఆసుపత్రి ఉండేది. డెబ్బైల చివర్లో నేనక్కడ ఆయాగా చేరాను. ఆమె స్పెయిన్ నుంచి వచ్చిన నర్సు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను చేరేనాటికే మా మాట మాలాగే మాట్లాడేది.

సాయంత్రం రోగులు వెళ్ళాక వరండాలో శెనక్కాయలు ఒలుచుకుంటూ నాకు తన భాష నేర్పేది. అంకెలూ నమస్కారాలూ కాదు, ముందుగా ఆజ్ఞలే. ఎందుకని అడిగాను.

"ఊర్లో మాయమ్మ తిను, పండుకో అని గదమాయిస్తాండె. ఈడ అందరూ దొరసానమ్మా అంటారు. నన్ను గదమాయించేదానికి ఒకరు కావల్ల" అంది.

కోమెస్ అంటే నువ్వు తింటావు. చివరి సకారం తీసేస్తే కోమె, తిను. ఆబ్లాస్ నుంచి ఆబ్లా, మాట్లాడు. కొన్ని మాత్రం మన మాటల్లాగే పొట్టివి: బెన్ అంటే రా, బే అంటే పో. పలకడం తేలికే, చనువుగా అనడమే నాకు చేతకాలేదు. పెద్దమనిషిని పట్టుకుని తిను అంటే కళ్ళు పోవూ? ఎప్పుడూ కోమా, తినండి, అనేదాన్ని. సరిగ్గా అనేదాకా తిననని ఆమె గింజలు పక్కకు నెట్టి మొండికేసేది. చివరికి వాటిని నేనే తినేసేదాన్ని.

ఒకసారి మా అమ్మకు జ్వరమొస్తే ఇంటికొచ్చి సూది వేసి, పోతాండానని లేచింది. మా అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ చాపమీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళు తాగించింది.

"పోయొస్తా అని లెయ్యమ్మా. ఉత్త పోతా అనేది మంచిది కాదు" అంది.

పిలార్ అక్క బుద్ధిగా అలాగే చెప్పి లేచింది. అప్పట్నుంచి పక్క గదికి వెళ్ళినా పోయొస్తాననేది.

ఎనభైల్లో వానలు మొహం చాటేసిన ఒక ఏడు, ఆమె రొమ్ములో గడ్డ బయటపడింది. వెంటనే వాళ్ళ దేశం వెళ్ళి ఆపరేషన్ చేయించుకోమన్నాడు డాక్టరు. ఆసుపత్రి నిండా వాంతులు, విరేచనాల పిల్లలు. వీళ్ళను వదిలి ఎలా పోయేదంటూ రెండు నెలలు జరిపింది. ఎట్టకేలకు గుంతకల్లు స్టేషన్ దాకా వచ్చి, బొంబాయి రైలు ముందు నిలబడిపోయింది.

"నాకేం తోచల్యా పాపా. నువ్వే చెప్పు, పోవల్లనా, వద్దా?"

గార్డు ఈల వేశాడు. భయంతో, కోపంతో గట్టిగా "బే" అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకు నన్ను గదమాయించినావే అని నా బుగ్గ తట్టి రైలెక్కేసింది. పోయి రా అనడం నాకు తట్టలేదు. ఆ సంతోషంలో తనూ పోయొస్తాననడం మరిచిపోయింది. రైలు కనుమరుగయ్యాక చూసుకుంటే, ఎక్కేముందు తాగించాలని తెచ్చిన నీళ్ళ చెంబు నా చేతిలోనే ఉంది.

ఆర్నెల్లకు ఉత్తరం వచ్చింది, వేరెవరి చేతిరాతతోనో. గడ్డ అప్పటికే ముదిరిందట. ఆమె ప్రాణం తీసింది ఆ రెండు నెలల ఆలస్యమే గాని నా మాట కాదని తెలుసు. తెలిసినా నా మనసు ఒప్పుకోదు.

ఇప్పుడు నా వయసు ఆనాటి ఆమె వయసును ఎప్పుడో దాటిపోయింది. కాయలు ఉడికించిన రోజు మొదటి గుప్పెడు ఒలిచి, పక్కన చెంబుతో నీళ్ళు పెడతాను. ఇంట్లో ఎవరూ లేకుండా చూసి, ఆనాడు మిగిలిపోయిన మాట అంటాను.

బెన్. రా అక్కా, తిను.