వదలని గోధుమరంగు చుక్కలు

మా ల్యాబులో ఆవిడని మరకలక్క అంటాం. స్లైడు మీద నలుసంత మరక కనబడితే చాలు, ఆవిడకి ముద్ద దిగదు. ఆపరేషన్లలో తీసిన కండ ముక్కల్ని మైనంలో పొదిగి, వెంట్రుక కంటే పల్చగా కోసి, గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి, గాజు పలక మీదికి ఎత్తుకోవడం ఆవిడ పని. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. వాటికి రంగులు వేసేది నేను. పక్కపక్క బల్లలు కాబట్టి ఆవిడ నస మొత్తం నా చెవిలోనే. ఏం చేస్తాం, ఖర్మ!

ఆవిడకో చెల్లెలుంది, లెక్కల టీచరు. నెలసరి వచ్చిందంటే కడుపు పట్టుకుని నేల మీద ముడుచుకుపోతుంది. తొమ్మిదేళ్ళుగా ఇదే తంతు. స్కానింగుల్లో ఏమీ కనబడలేదు. "మాకు రావడం లేదా నెలసరి? నీదంతా సుకుమారం" అని అక్క ఫోన్లో కసురుతుంటే నాకు ఒళ్ళు మండేది. కానీ ఆ నోటికి ఎవరు ఎదురెళ్తారు?

చివరికి ఒక డాక్టరు చెల్లెలి కడుపుకి చిన్న గాటు పెట్టి, కెమెరాతో చూసి, అనుమానంగా ఉన్నచోట గోరంత ముక్క తీశారు. అది మా ల్యాబుకే వచ్చింది. ఇందులో కూడా ఏమీ దొరక్కపోతే ఇక కడుపులో వెతకడం ఆపేస్తామని ఆయన ముందే చెప్పేశారు. "ఈసారీ ఏమీ లేదంటే ఇంక నేనెవరికీ చెప్పుకోనక్కా" అందట చెల్లెలు. ఆ మాట నాకు చెప్పేటప్పుడు అక్క గొంతులో ఎప్పుడూ ఉండే విసురు లేదు.

అక్క కోసింది, నేను రంగు వేశాను. ఆరీ ఆరకముందే స్లైడు లాక్కుని మైక్రోస్కోపు కింద పెట్టింది.

"ఇదేం దరిద్రమే! ఈ గోధుమరంగు చుక్కలేమిటి? ఫార్మలిన్ పాతదయిందా?"

ముక్కలు పాడవకుండా పోసే ఫార్మలిన్ సరిగ్గా లేకపోతే అలాంటి చుక్కలు పడతాయి. వాటిని వదిలించే పచ్చటి ద్రావణం మా దగ్గరుంది. అక్క ఇంకో పొర కోసి, రంగుకి ముందు అందులో నానబెట్టింది. చుక్కలు పోలేదు. మరోటి కోసి ఇంకాసేపు నానబెట్టింది. ఊహూ! ఆ స్లైడులన్నీ సొరుగులోకి తోసేసింది.

"రిపోర్టు రాసే డాక్టరమ్మకి పంపండక్కా, పొద్దుట్నుంచీ అడుగుతున్నారు" అన్నాను.

"మరక స్లైడు నా చేతుల మీదుగా వెళ్తే నా పరువేం కాను?"

నాకు తిక్క రేగింది. "పరువు సంగతి తర్వాత! అంత నానబెట్టినా వదలనిది అసలు మరకేనా?"

నా వైపు గుడ్లురిమి చూసింది. కానీ మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగి, ఫోకస్ మర మెల్లగా తిప్పుతూ పొరని పైనుంచి అడుగుదాకా చూసింది. "ఇవి పైన పడినవి కాదే. కణాల కడుపులో ఉన్నాయి" అంది.

డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం పరిగెత్తాం. ఆవిడ ఒక్క చూపు చూసి నవ్వింది. "ఇవి మన ఒంట్లో కాపలా తిరిగే తిండిపోతు కణాలు. చెత్త, చచ్చిన కణాలు, కారిన రక్తం అన్నీ మింగేస్తాయి. పాత రక్తంలోని ఇనుము కడుపులో దాచుకుని ఇలా గోధుమరంగుకి తిరిగాయి. ఇనుము పట్టే రంగు వేసి చూడండి."

వేశాను. చుక్కలు నీలంగా మారాయి. "అక్కడ నెలనెలా రక్తం ఎందుకు కారుతోందో చూడాలి. ఇంకా లోతుకి కోయండి" అంది డాక్టరమ్మ. తొమ్మిదో పొరలో దొరికింది, గర్భసంచి లోపల ఉండాల్సిన పొర, ఉండకూడని చోట. ఎండోమెట్రియోసిస్.

అక్క అక్కడితో ఆగితేనా! "శుభ్రం చేయడానికి వచ్చినవి ఆ పొరనే మింగేసి పోవచ్చుగా మేడం?"

"పోవాలి. కానీ ఈ జబ్బులో వాటికి బుద్ధి మారిపోతుంది. మింగడం మానేసి, ఆ పొరకి కొత్త రక్తనాళాలు పెరిగేలా చేస్తాయి. నరాలనీ అటు లాగుతాయి. అందుకే అంత నొప్పి. బుద్ధి ఎందుకు మారుతుందో ఇంకా వెతుకుతూనే ఉన్నారు."

"అంటే ఊడ్చడానికి వచ్చి కాపురం పెట్టించాయన్నమాట, దొంగముండలు!" అంది అక్క. డాక్టరమ్మ పకపకా నవ్వింది. అక్క మాత్రం నవ్వలేదు.

రిపోర్టు మీద సంతకం పడ్డాక నన్నూ వెంటేసుకుని చెల్లెలింటికి వెళ్ళింది. ఆ పిల్ల పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. అక్క చెప్పులైనా విప్పకుండా తిండిపోతు కణాలు, ఇనుము, నీలం చుక్కలు అన్నీ గడగడా చెప్పేసింది. "నిజంగానే ఉందే! నా కళ్ళతో చూశాను!"

చెల్లెలు కలానికి మూత పెట్టింది.

"తొమ్మిదేళ్ళు నేను చెప్తే నమ్మలేదు. చుక్కలు చెప్తే నమ్మావా అక్కా?"

అక్క గుమ్మంలోనే చతికిలబడి ఏడ్చేసింది.