మిషనమ్మ చెరువు

వీధిలో అందరికీ ఆవిడ మిషనమ్మ. సర్వే ఆఫీసులో ముప్ఫై రెండేళ్లు టైపు మిషను కొట్టి రిటైరైంది. ఆ సంగతి తెలియక కొత్తగా అద్దెకు దిగినవాళ్లు చొక్కా గుడ్డలు పట్టుకొచ్చేవారు. తనకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదని చెప్పి పంపేసేది.

ఒకరోజు యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి, ఆమె క్లాస్‌మేట్ ఒకతను ల్యాప్‌టాప్‌తో వచ్చారు. యాభై ఏళ్ల కిందట ఒక సర్వే ఆఫీసరు కొండల్లో దారులు వెతుకుతూ తిరిగిన ప్రయాణాన్ని వాళ్లు డిజిటల్ మ్యాపుగా చేస్తున్నారు. ఎక్కడ నొక్కితే అక్కడ ఆయన ఏం చూశాడో కనిపిస్తుంది. అన్నీ కుదిరాయనుకున్నారు గానీ, ఆయన రిపోర్టులో ఉన్న ఏనుగుల చెరువు మాత్రం దొరకలేదు. శాటిలైటు ఫొటోలు గాలించారు. ఆ కొండెక్కి మూడు రోజులు తిరిగి, చెప్పులు తెగి, ఒంటినిండా దద్దుర్లతో దిగొచ్చారు. చెరువు ఎండిపోయిందంటూ ఒక విషాద వీడియో కూడా సిద్ధం చేశారట. చివరికి రిపోర్టు అడుగున టైపు చేసినవారి పేరు చూసి, ఆఫీసులో వాకబు చేసి ఇక్కడికి వచ్చారు.

రిపోర్టుకు మూలమైన ఆఫీసరు చేతిరాత డైరీలో ఆ చెరువు మాట ఉండాల్సిన చోటును అమ్మాయి తెరమీద పెద్దది చేసి చూపించింది. మిషనమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఏడుగురు చేరారు," అని చదివింది నెమ్మదిగా.

ఇద్దరూ నోరెళ్లబెట్టారు.

"ఆయన రాత కోడి కెలికినట్టుండేదమ్మా. అడిగితే కసురుకునేవాడు. నేనప్పుడు ఉద్యోగంలో కొత్త. అర్థం కానిచోట ఏది బాగుంటుందనిపిస్తే అది కొట్టేసేదాన్ని. ఆయనా చూడకుండా సంతకం పెట్టేవాడు."

ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అమ్మాయి పీలగొంతుతో అడిగింది.

"ఉంటాయి. రిపోర్టులో ఉన్న ఆ పులి మాత్రం నాకెప్పుడూ అనుమానమే."

తెరమీద పులిని నడిపించడానికి రెండు వారాలు కష్టపడ్డ కుర్రాడు గోడకు చేరగిలబడ్డాడు.

ఇన్నేళ్లకు తప్పు బయటపడినందుకు మిషనమ్మకు తలకొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి రోజూ యూనివర్సిటీకి వెళ్లి, డైరీ మొత్తం మళ్లీ చదివిపెట్టింది. నెల తిరిగేసరికి మ్యాపులోంచి ఒక చెరువు, ఒక పులి, రెండు జలపాతాలు మాయమయ్యాయి. అవెలా పుట్టాయో ఆవిడే చెప్పే వీడియో ఒకటి చేరింది. జనం ఎగబడి చూసింది దాన్నే.

ఆ కొండల్ని ఆవిడ ఎన్నడూ చూడలేదని తెలిసి, ఇద్దరూ జీపులో తీసుకెళ్లారు. చెరువు ఉండాల్సినచోట రాళ్లూ ముళ్లపొదలూ తప్ప ఏమీ లేవు. మిషనమ్మ ఒక బండమీద కూర్చుని నాలుగు వైపులా కలయజూసింది.

"చెరువుకి మంచి చోటే," అంది.