ఎనిమిది జీబీ, పన్నెండు జీబీ

చిలకలూరిపేటలో నన్నడక్కుండా ఎవరూ గ్రాఫిక్స్ కార్డు కొనరని చాలామందికి చెప్పాను. నిజానికి నన్నడిగి కొన్నవాళ్లు ముగ్గురు. సరే, ఇద్దరు. అందులో ఒకాయన మా తోడల్లుడు. ఆయన అడగలేదు, నేనే వెంటబడి చెప్పాను.

అరవై ఎనిమిదేళ్లవాడికి కార్డుల గోల ఎందుకంటే, నాది పెళ్లి వీడియోల మిక్సింగు. కెమెరా పట్టేది నా స్నేహితుడు. క్యాసెట్ల కాలం నుంచి, ముప్పై ఏళ్లుగా వాడు తీస్తాడు, నేను కోసి అతుకుతాను. రంజాన్ ఉపవాసాల్లోనూ మండుటెండలో ఊరేగింపు ముందు వెనక్కి నడుస్తూ షూట్ చేసినవాడు వాడు. ఊళ్లో మమ్మల్ని విడివిడిగా పనికి పిలిచినవాళ్లు లేరు. నేను సంపాదించిందేదైనా ఉందంటే ఆ జతే.

ఇప్పుడు పెళ్లికి ముందే ఇంకో షూటింగు ఉంటోంది. మా వైపు జంటలకి దానికి మిర్చి కల్లాలు కావాలి. ఆరబోసిన కాయల మధ్య తెల్లబట్టల్లో చేతులు పట్టుకుని నడుస్తారు, పైన డ్రోను తిరుగుతుంది. తుమ్ములన్నీ నేను కోసేయాలి. ఆ డ్రోను వీడియో ముక్కలు, మా భాషలో బిట్లు, నా మిషన్‌లో ఉన్న కార్డు మీద కదిలేవి కావు. వేరేది కొనాల్సిందేనని ఇద్దరం అనుకున్నాం.

చివరికి రెండు కార్డుల దగ్గర ఆగాం. ఒకటి కొత్త సిరీస్‌ది. మెమరీ ఎనిమిది జీబీ, ఆ మెమరీకి పోయే దారి నూట ఇరవై ఎనిమిది బిట్లు. చిప్పు చురుకైనది, కరెంటు తక్కువ తింటుంది, వేడెక్కదు. రెండోది దాని ముందు సిరీస్‌ది. మెమరీ పన్నెండు, దారి నూట తొంభై రెండు. చిప్పు కాస్త నెమ్మది, కరెంటు గట్టిగా లాగుతుంది. చిన్న బిట్లయితే కొత్తదే ముందు. పొడుగాటి డ్రోను బిట్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మాత్రం ఎనిమిది జీబీ నిండిపోతుంది. అక్కణ్ణుంచి చిప్పు ఎంత చురుకైనదైనా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ఇదంతా ఇప్పుడు ఇంత నిదానంగా చెబుతున్నాను. అప్పుడు టీ బంకు దగ్గరా, కంప్యూటర్ల షాపులోనూ పదిరోజులపాటు నాది ఒకటే మాట: కొత్తదే కొనాలి. పాత సిరీస్ కొనడమంటే కొమ్ములు పెద్దవని ముసలి గేదెను తోలుకొచ్చుకోవడమేనన్నాను. మావాడు మాత్రం మెమరీ సంగతి చూడరా అంటూనే ఉన్నాడు.

షాపాయన నా మీద గౌరవంతో రెండు కార్డులూ రెండు రోజులు వాడి చూసుకోమని ఇచ్చాడు. గౌరవం నా మీద కాదు. వాళ్లమ్మాయి పెళ్లి మావాడు బాగా తీశాడు.

ఆదివారం పొద్దున నా గదిలో పరీక్ష పెట్టాను. మార్టూరు గ్రానైటు వ్యాపారి కొడుకు కల్లంలో తీయించుకున్న ఆరు నిమిషాల పాట అది. మావాడు స్టూలు మీద కూర్చుని, ముహూర్తాలు రాసుకునే చిన్న పుస్తకం బయటికి తీశాడు. అదే పాటని కొత్త కార్డు పద్నాలుగు నిమిషాల్లో తయారుచేసింది. పాతది పంతొమ్మిది తీసుకుంది.

"చూశావా? చెప్పానా లేదా?" అన్నాను.

"చెప్పావురా."

"మెమరీ మెమరీ అని నా బుర్ర తిన్నావు."

"నాదే తప్పులే."

రెండు అంకెలూ రాసుకుని, రెండో టీ కూడా తాగి వెళ్లిపోయాడు. మర్నాడు నేను కొత్తది ఉంచుకుని పాతది తిరిగిచ్చేశాను.

రెండు వారాల తర్వాత ఏదో కేబుల్ కోసం అదే షాపుకి పోయాను.

"మీవాడి మిషన్ ఎట్టా నడుస్తోందండీ?" అన్నాడు షాపాయన.

"ఎవరిది?"

"మీ కెమెరా ఆయనదండీ. మొత్తం సిస్టం కట్టించుకుపోయాడుగా. ఇంక మిక్సింగు కూడా ఇంట్లోనే అన్నాడు. మీకు చెప్పలా?"

చెప్పాడని అబద్ధమాడాను. నవ్వాను కూడా. నా గదిలో కూర్చుని, నా చేత పరీక్ష చేయించుకుని, నా టీ తాగి, అంకెలు రాసుకుపోయి సొంత దుకాణం పెట్టాడన్నమాట. షాపు మెట్లు సగం దిగి, మళ్లీ ఎక్కాను.

"అందులో ఏ కార్డు వేశారు?"

"పన్నెండు జీబీదండీ. మీరు తిరిగిచ్చారే, అదే. కొత్తది బాగుందని మీరిద్దరూ తేల్చారుగా అన్నా. నాకిదే ఇవ్వు అన్నాడు."

నేనక్కడే దొరికిపోయాను. ఎందుకో తెలియాలంటే ఆదివారం గురించి దాచిన ముక్క చెప్పాలి. ముందురోజు మధ్యాహ్నం ఒక్కణ్ణే రెండు కార్డులకీ అదే పరీక్ష పెట్టి చూసుకున్నాను. పాతది పంతొమ్మిది నిమిషాల్లో ముగించింది. కొత్తది రెండుసార్లు మధ్యలో ఆగిపోయి, మూడోసారి ముప్పావుగంటకి తేలింది. పదిరోజులు ఊరంతా చాటినవాణ్ణి, మాట వెనక్కి తీసుకోలేకపోయాను. అందుకని ఆదివారం కొత్త కార్డు వంతు వచ్చినప్పుడు అసలు బిట్లకి బదులు సైజు తగ్గించిన కాపీలు పెట్టాను. పాతదానికి మాత్రం అసలు బిట్లే ఇచ్చాను. మిర్చి యార్డులో బస్తా మూతి దగ్గర ఎర్రకాయ పోసి అడుగున రంగుపోయిన తాలుకాయ కుక్కేవాళ్లని చిన్నప్పటి నుంచీ తిట్టినవాణ్ణి, సరిగ్గా అదే పని చేశాను. ఓడిందని నేను చెప్పిన కార్డునే వాడు కొన్నాడంటే, అది చూశాడన్నమాటే.

సాయంత్రం వాడింటికి పోయాను. వాడి భార్య ఎప్పటిలాగే "రండన్నయ్యా" అని లోపలికి పిలిచింది. వాడు కొత్త మానిటర్ ముందు కూర్చునున్నాడు.

"ఎట్టా కనిపెట్టావురా?" అన్నాను, నిలబడే.

"ఆ బిట్టు తీసింది నేనేగా. అసలు దాంట్లో కాయకి తొడిమ కనపడుద్ది. నువ్వు కొత్త కార్డుకి పెట్టినదాంట్లో కనపళ్లా."

"అప్పుడే చొక్కా పట్టుకుని అడగొచ్చుగా."

"నువ్వే చెబుతావని కూర్చున్నా. అందుకే రెండో టీ తాగా."

"చెప్పకపోతే మాత్రం, వేరుపడిపోతావా? ఒక్కమాటైనా అనకుండా?"

"ఒరేయ్, నువ్వు వంద చెబితే నేను పది తీసుకునేవాణ్ణి. బంకు దగ్గర చెప్పుకో, పెళ్లివాళ్లకి చెప్పుకో, నవ్వుకునేవాణ్ణి. పనిలో నాతో నిజమే చెబుతావనుకున్నా."

"పనిలో అదే మొదటిసారిరా."

వాడు నా మొహంలోకే చూస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా కెమెరాలోంచి మొహాలు చూసినవాడు.

"సరే, రెండోసారి," అన్నాను. "మన మొదటి రోజుల్లో, ఆ పర్చూరు పెళ్లి క్యాసెట్టు నీ కెమెరా వల్ల పోలేదు. దాని మీద నేనే వేరేది రికార్డు చేశాను."

మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"ఆ పెళ్లికూతురి తండ్రి కాళ్లు పట్టుకున్నాన్రా నేను," అన్నాడు. "నువ్వు పక్కనే ఉన్నావు."

ఉన్నాను. క్షమించండి, ఈయన కొత్తవాడు అని కూడా అన్నాను.

వచ్చేశాను. తప్పు నాదేనని ఇంత ఒప్పుకున్నాక కూడా ఒకటి మింగుడుపడదు. నా ఎదురుగా కూర్చుని "నాదే తప్పులే" అంటూ, దొంగ అంకెలని తెలిసి పుస్తకంలో ఎక్కించుకున్నాడే, అది నాకు చేసిన మోసం. మా ఇద్దరిలో అబద్ధాలవాణ్ణి నేను. వాడికి ఆ పని చేతకాదనుకుని బతికాను.

ఎనిమిది జీబీ కార్డు నా మిషన్‌లోనే ఉంది. డ్రోను బిట్లు లేకపోతే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇప్పుడు నా దగ్గరికి డ్రోను బిట్లు రావడం లేదు.