తాతయ్య నా చెవులు అరువడిగిన రోజు

నా చిన్నప్పుడు మా తాతయ్యకు సొంత కారుండేదని చెబితే ఈ కాలం పిల్లలు ఆయన్ని బాగా కలిగినవాడనుకుంటారు. ఆయన అమ్మకు నాన్న. వయసులో ఉన్నన్నాళ్ళూ సాలూరు ఘాటీ మీద లారీలు తోలారు. ఒంట్లో సత్తువ తగ్గాక, ఎవరో వాడి వదిలేసిన పాత నల్ల కారొకటి కొనుక్కుని శృంగవరపుకోటలో పెళ్ళిళ్ళకూ ఆసుపత్రులకూ అద్దెకు తిప్పేవారు. ఆ ఇంటికి అన్నం పెట్టేది ఆ కారే.

మేము అనంతగిరిలో ఉండేవాళ్ళం. నాన్న అక్కడి బడిలో పంతులు. నాకు ఏడెనిమిదేళ్ళుంటాయి. అమ్మకు నెలలు నిండుతున్నాయి. నా తరవాతి కాన్పు కష్టమై బిడ్డ దక్కలేదు. అందుకని ఈసారి నొప్పులు వచ్చేదాకా కొండ మీద ఉంచొద్దని, ముందుగానే కిందికి దించెయ్యమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కూతుర్ని పుట్టింటికి తీసుకుపోవడానికి తాతయ్య కారు వేసుకుని వచ్చారు. వానలు వెనకబట్టి, కొండవాలుల నిండా పసుప్పచ్చని వలిసె పూలు విరబూసిన రోజులవి.

పొద్దున్నే బయలుదేరాం. అమ్మ నడుం వెనక దిండు పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది, పక్కన నాన్న. నేను ముందు, తాతయ్య పక్కన. ఊరు దాటి కాఫీ తోటల్లో మొదటి మలుపు తిరుగుతుండగా నా అరికాళ్ళ కింద టక్‌మని ఏదో కొట్టుకుంది. తాతయ్య ముఖం చూశాను. ఆయన ఎప్పటిలాగే రోడ్డు చూస్తూ తోలుతున్నారు. కాస్త దూరం పోయాక మరో మలుపులో మళ్ళీ టక్‌మంది.

"తాతయ్యా, కింద ఏదో కొట్టుకుంటంది," అన్నాను. ఆయన పలకలేదు.

"రాళ్ళ రోడ్డు కదమ్మా, సప్పుడు కాకేటవుద్ది. తాతయ్యని బండి తోలనీ," అన్నారు నాన్న వెనక నుంచి. ఆయన్ని తప్పుపట్టలేను. పోయిన కాన్పు ఆయన కళ్ళ ముందే ఉంది. ఎంత తొందరగా కిందికి చేరితే అంత మంచిదన్నదొక్కటే ఆయన ధ్యాస.

తరవాతి మలుపులో చప్పుడు ఇంకా గట్టిగా వచ్చింది. నాకు భయం వేసి తాతయ్య చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా ముఖంలోకి చూశారు. రోడ్డు వెడల్పుగా ఉన్న చోట, ఒక కొండ గూడెం పక్కన, కారు ఆపి ఇంజను కట్టేశారు.

"ఏటి గుంటా, ఏటి ఇనిపించింది?"

చెప్పాను. ఆయన స్టీరింగు మీది నుంచి చేతులు తీసేశారు. తరవాత వెనక్కి తిరిగి అమ్మతో నెమ్మదిగా అన్నారు: "నాకు ఇనబడనేదమ్మా. ఏడాదై సెవులు సరిగ్గా పని సెయ్యట్లేదు. ఎవులికీ సెప్పనేదు."

అద్దెకు కారు తోలే మనిషి నోటి నుంచి ఆ మాట రావడమంటే ఏమిటో అప్పుడు నాకు తెలీదు. ఆ సంగతి ఊళ్ళో తెలిస్తే ఆయన కారు ఎవరెక్కుతారు? అమ్మకు మాత్రం వెంటనే తెలిసినట్టుంది. ముందుకు వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

తాతయ్య నా వైపు తిరిగారు. "ఇయ్యాలకి నీ సెవులు నాకు అరువియ్యి. నువ్వు ఇను, నాను సూత్తాను," అన్నారు.

అప్పుడాయన అడిగిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. ఏ పక్కకి తిప్పినప్పుడు వత్తంది? తిన్నగా పోయేటప్పుడు వత్తందా? గోతిలో పడితే వత్తందా? ఒక్కొక్కటీ అడిగి, నేను ఆలోచించుకుని చెప్పేదాకా ఆగేవారు. కుడి పక్కకి మలుపు తిప్పినప్పుడేనని, తిన్నగా పోతే రాదని చెప్పాను. పెద్దవాళ్ళెవరూ అంతవరకూ నన్ను అలా అడిగి ఎరగరు.

గూడెంలోంచి ఒకామె వచ్చి అమ్మను తన ఇంటి అరుగు మీద చాప పరిచి కూర్చోబెట్టింది. రాగి అంబలి ఇచ్చింది. తాతయ్య డిక్కీలోని జాకీ, పానాలు, మా ట్రంకు పెట్టె అన్నీ కిందికి దించేశారు. వాటి చప్పుడేమోనని. నన్నొక్కదాన్నే పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ కారును మనిషి నడక వేగంతో కొంచెం దూరం తోలి కుడికి తిప్పారు. టక్‌మంది. చెప్పాను.

"అయితే సామాను కాదు," అని ఇంజను ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, కారు కిందికి దూరారు. నాన్నను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, దాన్ని అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపమన్నారు. నేను ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని వినాలి. కుడి వైపు ఏమీ లేదు. ఎడమ చక్రం దగ్గరికి వచ్చేసరికి టక్, టక్ మని స్పష్టంగా వినిపించింది. "ఇక్కడే తాతయ్యా," అన్నాను. ఆయన ఒక్కొక్క కీలు మీదా వేళ్ళు పెట్టి చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు. నా చెయ్యి లాగి అక్కడ పెట్టారు. బాగున్న కీలు దగ్గర రెండు కడ్డీలూ కలిసి కదులుతున్నాయి. ఇక్కడ ఒకటి ముందు కదిలి, రెండోది ఆలస్యంగా ఎగిరిపడుతోంది. పైనున్న రబ్బరు చినిగి లోపలికంతా బురద పోయింది.

"బాల్ జాయింటు అరిగిపోనాది," అన్నారు బయటికి వచ్చి.

"నెమ్మదిగా దిగిపోలేమా మావయ్యా?" అన్నారు నాన్న.

"ఇది ఊడిందంటే నాను ఎటు తిప్పినా సెక్రం తిరగదు బాబూ. కిందంతా ఘాటీ. నా కూతుర్ని కూకోబెట్టుకుని దిగను."

నాన్న రోడ్డు మీద నిలబడి, అరకు వైపు నుంచి బస్సు వస్తుందేమోనని చూస్తూ ఉండిపోయారు. అమ్మ ఒకటి రెండుసార్లు నడుం పట్టుకుంది. అప్పుడు తాతయ్య ముఖం చూడలేకపోయాను.

ఎండ బాగా ఎక్కాక బస్సొచ్చింది. సంతకు పోయేవాళ్ళతో కిటకిటలాడుతోంది. ఇద్దరు కొండ ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని లేచి నిలబడి అమ్మకు చోటిచ్చారు. తోడుగా నాన్న కూడా ఎక్కారు. బస్సు డ్రైవరు తాతయ్యకు తెలిసినవాడు. "నా కూతురు, నెమ్మదిగా తీసుకెల్లు," అని మాత్రం అన్నారాయన. నేనూ ఎక్కుతానని ఏడ్చాను. అమ్మ కిటికీలోంచి నా తల నిమిరి, "నువ్వు కూడా వచ్చెత్తే తాతయ్యకి ఎవరు ఇనిపెడతారే," అంది. ఆ మాటతో ఏడుపు ఆపేశాను.

ఆ రాత్రి మమ్మల్ని ఉంచుకున్నది కూడా అంబలి ఇచ్చినామే. మర్నాడు కింది నుంచి తిరిగొచ్చిన అదే బస్సులో నాన్న కొత్త జాయింటు పంపించారు. అమ్మ బాగానే ఉందని డ్రైవరు కబురు చెప్పాడు. తాతయ్య పాతది విప్పుతుంటే, పెద్దగా లాగకుండానే అది చేతిలో రెండుగా విడిపోయింది. గుండు ఒక పక్క, గిన్నె ఒక పక్క. ఆయన ఆ రెండింటినీ చొక్కా జేబులో వేసుకున్నారు. తరవాత కొత్తది బిగించారు.

తిరిగి బయలుదేరాం. మలుపు మలుపుకీ ఆయన కనుబొమలెగరేసి నన్నడిగేవారు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. అలా చప్పుడు లేకుండా కిందికి దిగాం. ఆ వారంలోనే చెల్లి పుట్టింది. అమ్మ క్షేమంగా ఇంటికి వచ్చింది.

ఆ తరవాత తాతయ్య తన చెవుల సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. కారు తాళాలు మా చిన్న మావయ్యకిచ్చి, తాను పక్క సీట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. అదంత తేలికగా జరిగి ఉంటుందనుకోను.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బాలింత నాడి నా వేళ్ళకు సరిగ్గా అందలేదు. తెలియడం లేదంటే చిన్నతనమని ఒక్క క్షణం తటపటాయించాను. ఆ వెంటనే, "నాకు అందట్లేదు సిస్టర్, మీరొకసారి చూడండి," అని పెద్ద సిస్టరును పిలిచాను. ఆమె చూసి డాక్టరు కోసం పరుగెత్తింది. ఆ తల్లి బతికింది. సర్వీసంతా ఆ మాట అనడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఒంట్లో ఏదో తేడాగా ఉందని చెప్పలేక చెప్పేవాళ్ళు వస్తే, చేతిలో పని పక్కన పెట్టి, వాళ్ళు మాట వెతుక్కునేదాకా ఆగడమూ అలవాటైపోయింది. అదంతా చదువులో నేర్పారనుకునేవారు తోటివాళ్ళు. నాకు నేర్పిన మనిషి కారు కింద పడుకుని, చొక్కా నిండా బురదతో, ఏడెనిమిదేళ్ళ పిల్ల ఏం చెబుతుందోనని ఎదురుచూశారు.